ఈ వారం సమస్య: దోమ కాటు చేత దున్న మునిఁగె

నిర్వాహకుడు: నిన్న రాత్రి చెవి దగ్గర ఒకటి పాడుతుంటే తట్టిన పాదం ఇది. దీన్నే చివరి పాదంగా పెట్టి ఆటవెలది పూరించండి.

"దోమ కాటు చేత దున్న మునిఁగె"

షరతు ఒక్కటే. దోమ అంటే చిన్న యుద్ధనౌక కావాలి, లేదా పద్యం దాని సంగతే కావాలి. దున్న ఎవరన్నది మీ ఇష్టం. పోయినసారిలా సగం మంది నిద్రపట్టని రాత్రుల మీద రాస్తే తీసేస్తాను.

లంగరు:

కోమరనెడి బోటు గూల్చె నైలతు నావ
దాని పేరు రష్యఁ దలఁప దోమ
రేవు విడువకుండ రెండు తూపులు వేయ
దోమ కాటు చేత దున్న మునిఁగె

1967 అక్టోబరు 21, పోర్ట్ సయీద్ ఎదుట. ఈజిప్టు వారి కోమర్ తరగతి క్షిపణి పడవలు రేవులోంచి కదలకుండానే ఇజ్రాయెల్ పెద్ద యుద్ధనౌక (డిస్ట్రాయర్) ఐలాత్‌ను ముంచాయి. పడవకు రెండేసి క్షిపణులు, అంతే సరంజామా. రష్యన్ భాషలో కోమర్ అంటే అచ్చంగా దోమ. నిర్వాహకులు తెలిసి ఇచ్చారో తెలియక ఇచ్చారో గాని, సమస్య తనంతట తానే పూరణ అయి కూర్చుంది.

నిర్వాహకుడు: తెలియకే ఇచ్చాను. ఒప్పుకోవడానికి కొంచెం సిగ్గుగా ఉంది.

గురులఘు: బాగుంది లంగరు గారూ. రెండో పాదం దగ్గరే పద్యం గెలిచింది. ఒక్కటే ముల్లు: "బోటు" ఎందుకండీ? "కోమరనెడి యోడ" అన్నా గణం చెడదు, తెలుగూ మిగులుతుంది.

లంగరు: గణం చెడదు, నిజమే. నావికుల ముందు పరువు చెడుతుంది. 70 టన్నులు కూడా తూగని దానిని ఓడ అంటే రేవులో ఎవరూ ఊరుకోరు. ఓడ తన మీద పడవను మోస్తుంది, పడవ ఓడను మోయదు. బోటు బోటే.

పెనుగాలి: మన విజయం ఉండగా ఈజిప్టు దాకా ఎందుకు?

వీర నామ నౌక వెడలెఁ గరాచికి
తాళ్లఁ గట్టి లాగి తరలించఁగ
నిశిని తూపు తాఁకె నిప్పాయె ఖైబరు
దోమ కాటు చేత దున్న మునిఁగె

1971 డిసెంబరు 4 రాత్రి, పాకిస్తాన్ రేవు కరాచీ మీద మన క్షిపణి పడవల దాడి. వీర్ మన పడవ, ఖైబర్ వాళ్ల డిస్ట్రాయర్. ఆ పడవలు సొంతంగా అంత దూరం పోయి రాలేవు కనుక దారిలో కొంత దూరం తాళ్లతో లాగి తీసుకెళ్లారు. ఆ ముచ్చట ఇంతవరకు ఏ పూరణలోనూ రాలేదని నా నమ్మకం.

గురులఘు: తాళ్ల సంగతి పద్యంలోకి తెచ్చినందుకు నమస్కారం. కానీ ఆ తాడు రెండో పాదంలోనే తెగింది. "తరలించఁగ"లో "లిం" గురువు. సూర్యగణం కావలసిన చోట రెండు లఘువుల మీద గురువు ఎక్కి కూర్చుంది. "తరలఁ జేయ" అంటే గట్టెక్కుతారు.

లంగరు: నావి మరో రెండు. ఖైబర్‌ను ముంచింది మన మరో పడవ నిర్ఘాత్. వీర్ ముంచింది ముహాఫిజ్‌ను, అది మందుపాతరలు ఏరే నౌక. దున్న అనడానికి మనసొప్పదు, దూడ అనుకోవచ్చు. రెండోది ఇంకా పెద్దది: కరాచీకి వెళ్లినవి కోమర్‌లు కావు, ఓసా తరగతివి. రష్యన్‌లో ఓసా అంటే కందిరీగ. అంటే మీ పద్యంలో దోమే లేదు. అవి వేసిన పి-15 క్షిపణికి రష్యావాళ్లు పెట్టుకున్న పేరు టెర్మిట్, అంటే చెదపురుగు. తరువాత వచ్చిన మరో తరగతి పేరు ఓవొద్, జోరీగ. ఆ నౌకాశిల్పులకు పురుగుల పిచ్చి.

పెనుగాలి: కవిత్వంలో కందిరీగకు, దోమకు ఇంత తేడా చూసేవారిని ఇక్కడే చూస్తున్నాను. గురులఘు గారికి మాత్రం ఒక మాట. పోయిన నెల మీరు "ఒడ్డు నందె యోడ యుద్ధ మాడె" అని రాసినప్పుడు ఒ, యు యతి ఎక్కడ కుదిరిందని నేనెవరినీ అడగలేదు. ఒడ్డున నిలబడి ఓడ యుద్ధం ఎలా చేస్తుందనీ అడగలేదు. మర్యాద.

గురులఘు: ఇప్పుడు అడిగారుగా, చెబుతాను. అకారానికి, యకారానికి, హకారానికి మైత్రి ఉంది. ఉ, ఊ, ఒ, ఓలు ఒక జట్టు. ఒ, యు నిక్షేపంగా కుదిరింది. మర్యాద పేరుతో నెలంతా దాచుకున్న బాణం తుస్సుమంది.

లంగరు: అర్థానికి వస్తే, ఆ పాదాన్ని అప్పట్లో నేను కూడా వెక్కిరించాను. ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. నా పూరణలో కోమర్ చేసింది అదే కదా! రేవు దాటలేదు, యుద్ధం ముగిసింది.

చినుకు: కొత్త సభ్యురాలిని, తప్పులుంటే సరిదిద్దండి. అందరూ పడవను దోమ చేశారు, నేను దున్నను చేశాను.

పడవ దున్న గాఁగఁ బై నెగిరెడి దోమ
గాలి కత్తి ఱెక్క గలది లింక్సు
చూపు దాటి వేసెఁ జురుకైన బాణంబు
దోమ కాటు చేత దున్న మునిఁగె

1991 జనవరి చివర, గల్ఫ్ యుద్ధంలో, కువైట్ దీవి బూబియాన్ దగ్గర. ఇరాన్ వైపు పారిపోతున్న ఇరాక్ పడవలను బ్రిటిష్ లింక్స్ హెలికాప్టర్లు సీ స్కువా క్షిపణులతో వేటాడాయి. వాటిలో మీ కందిరీగలూ ఉన్నాయి. ఓడను ముంచే క్షిపణి మోసినా, ఆకాశంలోకి చూడగల ఆయుధం లేకపోతే చిన్న నౌక గతి ఇంతే అని నా భావం.

గురులఘు: అమ్మా, "కత్తి ఱెక్క" ఒక్కదానికే మార్కులన్నీ ఇవ్వాలి. శకటరేఫను (ఱ) కూడా మరచిపోలేదు.

నిర్వాహకుడు: షరతులో "దాని సంగతే" అని కూడా అన్నాను కనుక చెల్లుతుంది.

లంగరు: చినుకు గారి మాట నిజం. మన నౌకాదళపు కార్వెట్ (చిన్న తరహా యుద్ధనౌక) కమోర్తానే చూడండి. 2014లో సేవలోకి వచ్చింది, 3,000 టన్నుల పైమాట. జలాంతర్గాముల వేటకు రాకెట్లు, టార్పెడోలు, ముందు 76 మిల్లీమీటర్ల తుపాకి, దగ్గరి రక్షణకు వేగంగా కాల్చే రెండు ఏకే-630 తుపాకులు. విమానాలను దూరంలోనే ఆపే క్షిపణి మాత్రం లేకుండా వచ్చింది. చెరువు లోతు చూసే ధ్యాసలో గొడుగు మరిచిపోయారు.

పెనుగాలి: గొడుగు ఉంటే సరిపోతుందా? 2006 జూలైలో లెబనాన్ ఎదుట ఇజ్రాయెల్ వారి హనిత్ కార్వెట్‌కు మీద పడేవాటిని ఆపే బరాక్ క్షిపణులు, ఫాలాంక్స్ తుపాకి అన్నీ ఉన్నాయి. క్షిపణి వచ్చి తగిలినప్పుడు అవి పనిలో లేవు. కాబట్టి సరంజామా లెక్కలు కట్టిపెట్టండి. 2015 అక్టోబరు 7న కాస్పియన్ సముద్రం నుంచి 4 చిన్న రష్యా నౌకలు 26 కాలిబర్ క్షిపణులను 1,500 కిలోమీటర్ల దూరం పంపాయి. వాటిలో 3 నౌకలు వెయ్యి టన్నులకు లోపువే. ఇక ఏనుగులెందుకు, దోమలే చాలు.

లంగరు: కాస్పియన్‌లో వాళ్ల మీద ఎదురు కాల్పులు జరిపేవారెవరు? అక్కడ నౌక యుద్ధం చేయలేదు, సరుకు దింపింది. వెయ్యి టన్నుల్లో క్షిపణి పెడితే రాడార్‌కు చోటుండదు, రాడార్ పెడితే ఇంధనానికి చోటుండదు. అందుకే మీ వీర నామ నౌకకు తాళ్లు కావలసి వచ్చాయి. తీరానికి దగ్గరగా, పైన తన విమానాల నీడలో ఉన్నంతసేపే దోమ రారాజు.

గురులఘు: నా వంతు. ఎవరూ మునగకుండా పూరించాను.

రాడరందు వెండి రజముఁ జూచి మురిసి
నీటఁ బడిన తూపు నెఱుఁగ లేక
వారు పలికి రిట్లు వైరి నవ్వుచునుండ
దోమ కాటు చేత దున్న మునిఁగె

1973 అక్టోబరు 6-7 మధ్య రాత్రి, సిరియా రేవు లతాకియా ఎదుట. సిరియా క్షిపణులు 40 కిలోమీటర్ల పైన కొట్టేవి, ఇజ్రాయెల్ వారి గేబ్రియల్ క్షిపణులు అందులో సగం దూరమే. అయినా ఇజ్రాయెల్ పడవలు గాలిలో రాడార్‌ను మోసగించే లోహపు తుంపరలు చల్లి, రేడియో తికమకలు పెట్టి వచ్చిన క్షిపణులన్నిటినీ దారి తప్పించాయి, తరువాత దగ్గరికి వెళ్లి కొట్టాయి. సిరియా వైపు 5 నౌకలు పోయాయి, ఇటు ఒక్కటీ పోలేదు. నా దృష్టిలో చిన్న నౌకకు అసలు ఆయుధం ఆ తుంపరలే.

చినుకు: అబ్బ! పాదాన్ని భ్రమపడ్డవాళ్ల నోట పెట్టడం నాకు తట్టనే లేదు. పైగా ఆ సిరియా పడవల్లో కోమర్‌లూ ఉన్నాయి కదా, దోమ నిజంగా దోమే.

లంగరు: ఉన్నాయి. వేసిన ప్రతిదీ గురి తప్పింది కనుక "కాటు" మాత్రం అబద్ధం. ఆ అబద్ధమే పద్యం. నా ఓటు దీనికే.

పెనుగాలి: పాదాన్ని ఎవరి నోటనో పెట్టి తప్పించుకోవడం పాత చిట్కా. ఇదే చిట్కా నేను వాడినప్పుడు గురులఘు గారు దానికి "దొడ్డిదారి" అని పేరు పెట్టారు.

గురులఘు: మీరు వాడినప్పుడు ఆ మాట ఎవరి నోట పెట్టారో చివరిదాకా తెలియలేదు మరి.

నిర్వాహకుడు: ఇద్దరూ లంగరు వేయండి. పెనుగాలి గారూ, రెండో పాదం ఇంకా మార్చలేదు.

పెనుగాలి: "తరలఁ జేయ" అని మార్చాను. "వీర నామ నౌక" బదులు నిర్ఘాత్‌ను తెద్దామని రాత్రంతా కూర్చున్నాను, యతి కుదరలేదు. కందిరీగ సంగతి నన్ను అడగకండి.