ఫ్రిస్కోలో (టెక్సస్) బిల్డర్ ఇల్లు: ఎస్క్రో 250 డాలర్లేనా?

అందరికీ నమస్కారమండి. హెచ్1బీ మీద ఉన్నాం, జూన్‌లో క్లోజింగ్ (ఇల్లు మా పేరు మీదికి రావడం). ప్రాపర్టీ ట్యాక్స్‌కని లెండర్ (లోనిచ్చే బ్యాంకు) నెలనెలా పోగేసే ఎస్క్రోకి 250 అంటున్నారు. సరిపోతుందా? హోమ్‌స్టెడ్ (సొంతంగా ఉండే ఇంటికి పన్ను మినహాయింపు) మాకిస్తారా?

> ఆ 250 చూసి బడ్జెట్ వేసుకోకండి. టెక్సస్‌లో జనవరి 1న ఉన్నదాని మీదే ఆ ఏడాది పన్ను. ఆ రోజుకి మీది ఖాళీ లాటు (స్థలం). లాటు విలువ 1,50,000, రేటు 2 శాతం అనుకుంటే బిల్లు 3,000. వచ్చే ఏడు ఇల్లంతా కలిపి 6,00,000 వేస్తే 12,000. ఎస్క్రోలో ఉండేది 3,000, లోటు 9,000. ఆ లోటు 12 నెలలకు పంచి, కొత్త పన్నుతో కలిపి నెలకు 1,750 అడుగుతారు. ఇప్పుడే పూర్తి విలువకి ఎస్క్రో కట్టించుకోమని లెండర్‌ని అడగండి, లేదా తేడా విడిగా దాచండి. మడ్ (నీళ్లు, డ్రైనేజీకి విడిగా పన్ను వేసే యుటిలిటీ డిస్ట్రిక్ట్) ఉన్న కమ్యూనిటీ అయితే రేటు ఇంకా ఎక్కువ, ముందే కనుక్కోండి.

> హోమ్‌స్టెడ్‌కి సిటిజన్ కానక్కర్లేదండి, మీరుండే ఇల్లయితే చాలు. డ్రైవింగ్ లైసెన్స్‌లో కొత్త అడ్రస్ ఉండాలి. ఎక్కువ అప్లికేషన్లు తిరిగొచ్చేది అక్కడే, ముందు అది మార్పించండి. ఫారం 50-114, దిగిన వెంటనే పెట్టొచ్చు. ఫ్రిస్కో కొంత కాలిన్, కొంత డెంటన్ కౌంటీ. మీ ఇల్లు ఏ కౌంటీదో ఆ అప్రైజల్ డిస్ట్రిక్ట్‌కే (ఇళ్లకు విలువ కట్టే ఆఫీసు) పంపాలి. పైసా ఖర్చు లేదు, ఫీజు అడుగుతూ వచ్చే ఉత్తరాలు చించేయండి. స్కూల్ ట్యాక్స్‌లో 1,40,000 విలువ తగ్గుతుంది. పన్ను వేసే విలువ ఏటా 10 శాతం మించి పెరగకూడదనే పరిమితి మాత్రం మరుసటి ఏడు నుంచే, కొత్తగా కట్టిన నిర్మాణానికి వర్తించదు.

> వాల్యూ నోటీసు ఏప్రిల్ ప్రాంతంలో వస్తుంది. ప్రొటెస్ట్‌కి (ఆ విలువ మీద అభ్యంతరం) గడువు మే 15, లేదా నోటీసు పంపిన 30 రోజులు, ఏది తర్వాతైతే అది. మార్కెట్ వాల్యూ, అనీక్వల్ అప్రైజల్ (అలాంటి ఇళ్లతో పోలిస్తే ఎక్కువ వేశారని), రెండు గడుల్లోనూ టిక్ పెట్టండి. ఒకటి వదిలేస్తే ఆ వాదన పోయినట్టే. పన్ను మోయలేకపోతున్నామంటే వినరు, విలువ గురించే మాట్లాడాలి. అప్రైజల్ డిస్ట్రిక్ట్ వాళ్ల ఆధారాలు హియరింగ్‌కి 14 రోజుల ముందు ఇమ్మని రాతపూర్వకంగా అడగండి.

ప్రొటెస్ట్‌లో క్లోజింగ్ స్టేట్‌మెంట్ (కొన్న ధర ఉండే కాగితం) చూపించాలాండి?

> కొన్న ధర వాళ్ల విలువకన్నా తక్కువైతే చూపించండి, అంతకన్నా మంచి ఆధారం లేదు. ఎక్కువైతే చెప్పక్కర్లేదు, ఇక్కడ అమ్మకం ధర వెల్లడించాలనే చట్టం లేదు. లెండర్ పన్ను కట్టాడో లేదో జనవరి 31 లోపు కౌంటీ సైట్లో చూసుకోండి. కట్టకపోతే ఫిబ్రవరి 1కే పెనాల్టీ, వడ్డీ కలిపి 7 శాతం పడుతుంది.