కొత్త పికప్ పది లక్షలు దాటింది, నిమ్మకాయల బాడుగలకి కొనొచ్చా?

పొదలకూరు_నిమ్మ:

అన్నలందరికీ నమస్తే. మాది పొదలకూరు పక్కన పల్లె. 2012 మోడల్ టాటా ఏస్ ఉండాది నాకు, సెకండ్ హ్యాండ్‌లో కొని తొమ్మిదేళ్ల నుంచి తోటల కాడ్నుంచి యార్డుకి నిమ్మకాయలు తోలుతా ఉండా. ఇంక దాని పనైపోయింది. కాళ్ల కింద రేకుని తుప్పు తినేసి రోడ్డు కనపడతా ఉంటే చెక్క కొట్టించి నడుపుతుండా, పది బస్తాలు ఎక్కించి చెరువు కట్ట ఎక్కాలంటే ఫస్ట్ గేర్‌లో మూలుగుతా పోతది, హీట్ ముల్లు లేచిందంటే ఆపేసి చెట్టు కింద అరగంట కూర్చోని నీళ్లు పోసుకోని మళ్లీ బయల్దేరాల.

మొన్న నెల్లూరు పోయి ఒకటిన్నర టన్ను పైన మోసే కొత్త పికప్ అడిగినా. రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, వెనక కటకటాలు, పట్ట అన్నీ కలిపి పది లక్షల అరవై వేలు చెప్పినారు. 8 లక్షలు ఫైనాన్స్ ఇస్తారంట, 8 శాతం వడ్డీ, నాలుగేళ్లు, నెలకి 22 వేలు కంతు. నేను నాలుగేళ్ల కింద అడిగినప్పుడు ఇంత లేదు. బాడుగ చూస్తే అప్పుడు ట్రిప్పుకి 800, ఇప్పుడు 900. నిమ్మకాయ కిలో వంద దాటిన రోజుల్లో కూడా బాడుగ పెంచమంటే వ్యాపారస్తులు మొహం తిప్పుకున్నారు.

సీజన్లో నాలుగు నెలలు 60, 65 ట్రిప్పులు పడతాయి, మిగతా నెలల్లో 20 పడితే గొప్ప. ఇద్దరు పిలకాయలు చదువుకుంటా ఉండారు. ఈ బండి కొంటే కంతు కట్టగలనా, మునిగిపోతానా? తెలిసినోళ్లు చెప్పండన్నా.

ఒంగోలు_లోడ్:

తమ్ముడూ, రేటు ఎందుకు పెరిగిందో ముందు చెప్తా, ఎందుకంటే మళ్లీ తగ్గుద్దేమో ఆగుదాం అని చాలామంది చూస్తా ఉన్నారు. 2005లో టాటా ఏస్ వచ్చినప్పుడు రెండు లక్షల పాతిక వేలు. రెండు సిలిండర్ల ఇంజిన్, 16 హార్స్ పవరు, కంప్యూటరూ సెన్సారూ ఏమీ లేవు, పల్లెలో మెకానిక్ రెండు స్పానర్లతో విప్పేసేవాడు. తర్వాత పొగ తగ్గించే రూల్సు వచ్చాయి, 2017 ఏప్రిల్ నుంచి దేశమంతా బీఎస్4, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6, మళ్లీ 2023లో రెండో దశ. ఒక్కో మెట్టుకీ సామాను పెరిగింది, బీఎస్6 నుంచి డీజిల్ బండికి సైలెన్సర్‌లో ఫిల్టరు, సెన్సార్లు, కొన్ని బండ్లకి పొగని శుభ్రం చేసే యాడ్‌బ్లూ అనే ద్రవానికి ట్యాంకు కూడా వచ్చి చేరాయి. ఆ సామానుకి డబ్బులు మనమే కట్టాలి, అవి వెనక్కి పోయేవి కాదు. ఇనుము రేటు సంగతి సరేసరి.

తగ్గింది ఒక్కటే, జీఎస్టీ. 2025 సెప్టెంబర్ 22 నుంచి గూడ్స్ బండ్ల మీద 28 నుంచి 18 శాతానికి తెచ్చారు. పన్ను లేకుండా ఏడున్నర లక్షల బండి అనుకో, అప్పట్లో 9 లక్షల 60 వేలు పడేది, ఇప్పుడు 8 లక్షల 85 వేలు, అంటే 75 వేలు తేడా. నీకిచ్చిన కొటేషన్‌లో జీఎస్టీ ఎంత శాతం వేశారో ఆ గడి దగ్గర వేలు పెట్టి చూడు.

ఇంకో మాట, ఇది నా సొంత అనుభవం. నేను 2021లో బీఎస్6 పికప్ తీసుకున్నా, ఊళ్ల నుంచి పొగాకు బేళ్లు వేలం కేంద్రానికి తోలేవాణ్ణి, అన్నీ పది, పదిహేను కిలోమీటర్ల ట్రిప్పులు. ఎనిమిది నెలలకి మీటర్లో పసుపు లైటు వెలిగింది, పట్టించుకోలా, వారానికి లాగుడు పడిపోయి బండి 40 మీద పోవడం మానేసింది. ఫిల్టర్‌లో మసి నిండిపోయిందంట. ఆ మసి కాలిపోవాలంటే సైలెన్సర్ బాగా వేడెక్కాలి, చిన్న ట్రిప్పుల్లో అంత వేడి రాదు. ఈ ముక్క అమ్మినోళ్లు ఒక్కరన్నా చెప్పలేదు, సర్వీస్‌లో మూడు రోజులు బండి పెట్టుకుని బిల్లు చేతిలో పెట్టారు, సీజన్ మధ్యలో మూడు రోజులంటే ఏందో నీకు తెలుసు. అప్పట్నుంచి వారానికోసారి హైవే ఎక్కి టంగుటూరు దాకా ఒకే స్పీడులో పోయి వస్తా. నీ తోటల ట్రిప్పులూ ఇట్టాంటివే కాబట్టి చెప్తున్నా.

కావలి_లెక్కలు:

తమ్ముడూ, మా ఇంట్లో రెండు బండ్లు ఉన్నాయి, మా ఆయన నడుపుతాడు, లెక్క నేను రాస్తా. నువ్వు చెప్పిన అంకెలు చూడగానే ఒకటి తట్టింది. 8 లక్షలకి 8 శాతం అన్నారు, నాలుగేళ్లు, కంతు 22 వేలు. అంటే అది ఫ్లాట్ వడ్డీ. నువ్వు అసలు తీర్చుకుంటా పోతున్నా మొత్తం 8 లక్షల మీద నాలుగేళ్లూ వడ్డీ వేస్తారు, 2 లక్షల 56 వేలు. తగ్గే బాకీ మీద లెక్కేస్తే అది 14 శాతం పైమాటే. బ్యాంకులో పదిన్నర శాతం తగ్గే వడ్డీకి దొరికితే అదే 8 లక్షలకి నాలుగేళ్ల కంతు 20,500 లోపు వస్తుంది. చూడ్డానికి పదిన్నర ఎక్కువ, 8 తక్కువ, కట్టేది మాత్రం నెలకి 1,500 తేడా, మొత్తం మీద 70 వేలు పైన. ఏ కాగితం మీద సంతకం పెట్టినా ఫ్లాటా, రెడ్యూసింగా అని అడుగు. చిన్న వ్యాపారాలకి బ్యాంకులిచ్చే ముద్ర లోన్‌లో తరుణ్ అనే రకం కింద 10 లక్షల దాకా ఇస్తారు, బాడుగ బండ్లకి కూడా వర్తిస్తుంది, నీ పాస్‌బుక్కు ఉన్న బ్యాంకులో అడిగి చూడు.

ఇక బాడుగ లెక్క. తక్కువ వడ్డీకే దొరికిందనుకుందాం. కంతు 20,500. ఇన్సూరెన్స్‌లో ఎదుటివాళ్ల నష్టానికి కట్టే థర్డ్ పార్టీయే, ఏడున్నర టన్నుల లోపు గూడ్స్ బండికి 2022లో 16,049 చేశారు, దాని మీద బండి సొంత ఇన్సూరెన్సూ పన్నూ కలుపుకుంటే ఏడాదికి 40 వేలు పెట్టుకో, నెలకి 3,300. టైర్లు, సర్వీసు, బ్రేక్ చేయించడం వీటికి నెలకి 3 వేలు. దగ్గర దగ్గర 27 వేలు, ఏడాదికి 3 లక్షల 24 వేలు. నీ ట్రిప్పులు ఏడాదికి 420. ట్రిప్పుకి 900లో డీజిల్ 250 పోతే 650, మొత్తం 2 లక్షల 73 వేలు. అంటే నీ కూలి ఒక్క రూపాయి పడకుండానే 51 వేలు చేతి నుంచి పోతుంది.

బండి పెద్దది కదా, 20 బస్తాలు పోతాయి అంటావు. నిజమే, కానీ తోటలో కాయ పెరగదు కదా తమ్ముడూ, బస్తాలు అవే, ట్రిప్పులు సగమౌతాయి. బస్తాకి 90 చొప్పున 1,800 ఇచ్చినా 210 ట్రిప్పులకి డీజిల్ పోను 3 లక్షల దగ్గర ఆగుతుంది. అప్పుడూ సరిపోదు. నాకు నీ మీద దిగులుగా ఉంది, మా చిన్నాన్న కొడుకు ఇట్టానే సీజన్ లెక్క చూసి కొని ఆషాఢంలో కంతు కట్టలేక బండి వాళ్ళకే అప్పగించి వచ్చాడు.

ఇంకోటి, కొటేషన్‌లో హ్యాండ్లింగ్ ఛార్జీలని గీత ఉంటే కొట్టేయమను. ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గరే చేయించాలని రూలేమీ లేదు, బయట రేటు అడిగి తీసుకెళ్లి చూపిస్తే దిగుతారు.

విడవలూరు77:

లోకల్ వరకే అయితే అంత పెద్ద బండి దేనికి బ్రో, టాటా ఏస్ ప్రో పెట్రోల్ 2025 జూన్‌లో 3 లక్షల 99 వేలకి వదిలారు, ఆ తర్వాత జీఎస్టీ కూడా తగ్గింది, 750 కిలోలు మోస్తది. నీ పది బస్తాలకి కొంచెం తక్కువే గానీ కంతు సగం కూడా రాదు. పెట్రోల్ కాబట్టి ఆ డీజిల్ ఫిల్టర్ గొడవ ఉండదు.

పొదలకూరు_నిమ్మ:

అక్కా, నువ్వు రాసిన లెక్క మా ఇంటామెకి చదివి వినిపించినా, ఇద్దరం చాలాసేపు మాట్లాడలేదు. ఫ్లాట్ సంగతి నాకు అసలు తెలియదు, ఎనిమిదే కదా అని సంబరపడినా. అన్నా, కొటేషన్ తీసి చూసినా, జీఎస్టీ 18యే వేసినారు, హ్యాండ్లింగ్ అని మాత్రం ఒక గీత ఉండాది.

పెద్ద బండి ఎందుకు అనుకున్నానంటే చెన్నై కోయంబేడు మార్కెట్‌కి లోడ్లు తోలదామని. యార్డులో ఇద్దరు ముగ్గురు అడుగుతా ఉండారు, ట్రిప్పుకి 7,500 ఇస్తామంటా ఉండారు. అవి నెలకి ఎనిమిది పడినా కంతు పోతది కదా?

గూడూరు_నైట్_డ్రైవర్:

చెన్నై నేను పదకొండేళ్లు తోలినా కాబట్టి చెప్తా. మీ ఊరి నుంచి రానూ పోనూ 400 కిలోమీటర్లు పైమాటే, లోడుతో లీటరుకి 12 వచ్చినా 33, 34 లీటర్లు. మన ఆంధ్రాలో డీజిల్ 97 దగ్గరుండాది, ఆరంబాకం దాటితే తమిళనాడులో నాలుగైదు రూపాయలు తక్కువ, అందుకే మనోళ్లందరూ పోయేటప్పుడు చాలినంత పోసుకోని తిరిగొచ్చేటప్పుడు ఆడ ఫుల్ కొట్టిస్తారు. డీజిల్ 3,200, టోల్‌గేట్లు రెండు వైపులా, దింపుడు కూలి, భోజనం తీసేస్తే 7,500లో మూడు వేలు మిగిల్తే బాగా మిగిలినట్టు. ఎనిమిది పడితే 24 వేలు. అయితే వచ్చేటప్పుడు ఖాళీ. రిటర్న్ లోడ్ దొరికిన వారం బాగుంటది, దొరకని వారం నీ జేబులోంచి.

ఇంకోటి చూసుకో, బండి మొత్తం బరువు ఆర్సీలో 3,000 కిలోల లోపుంటే పర్మిట్ అక్కర్లేదు, దాటితే పర్మిట్ కావాల, రాష్ట్రం దాటాలంటే ఇంకో ఖర్చు. ఒకటిన్నర టన్ను పైన మోసే బండ్లు చాలావరకు దాటిపోతాయి. లైసెన్స్‌కి బాధ లేదు, ఏడున్నర టన్నుల లోపు బండికి ఎల్‌ఎంవీ, అంటే కారు నడిపే లైసెన్సే చాలని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది.

అడుగుతుండారు అన్న మాట మీద పది లక్షల బండి కొనొద్దు నాయనా. ముందు వేరే ఎవరి బండి అన్నా రోజు బాడుగకి తీసుకోని రెండు నెలలు ఆ లోడ్లు తోలి చూడు. డబ్బులు చేతికొస్తాయా, నెలాఖరంటారా, అదీ తెలుస్తది.

పొదలకూరు_నిమ్మ:

ఆ మాట బాగుందన్నా, అట్టనే చేస్తా. కొత్తది ఇప్పుడు కాదు. అల్లూరులో 2018 మోడల్ బీఎస్4 పికప్ ఒకటి ఉండాదంట, నాలుగున్నరకి ఇస్తామంటున్నారు. ఒకటిన్నర నా దగ్గరుంది, మూడు లక్షలు తీసుకుంటే మూడేళ్లకి కంతు పదివేల పైచిలుకు వస్తది, సెకండ్ హ్యాండ్ కాబట్టి వడ్డీ 14 వేసుకున్నా. బీఎస్4లో ఆ ఫిల్టరు లేదు కదా. ఆదివారం చూడ్డానికి పోతా ఉండా, ఏమేం చూడాల?

ఒంగోలు_లోడ్:

నంబరు కొట్టి ఎంపరివాహన్ యాప్‌లో ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, ట్యాక్స్ ఎప్పటిదాకా ఉన్నాయో, ఫైనాన్స్ ఇంకా ఉందో తీరిందో చూడు. తీరిందంటే బాకీ లేదని ఫైనాన్స్ వాళ్లిచ్చే ఎన్‌ఓసీ, ఆర్సీలో ఫైనాన్స్ కొట్టేయడానికి ఫామ్ 35 చేతిలో పెట్టమను, పేరు మార్పు ఫారాలు 29, 30 మీద సంతకాలు నీ ఎదురుగా పెట్టించు. మిగతా డబ్బులు ఆర్సీ నీ పేరుకి మారాకే.

కావలి_లెక్కలు:

తమ్ముడూ అల్లూరంటే సముద్రం పక్క, ఆ బండి రొయ్యలు తోలిందా అని ముందు అడుగు. అడిగితే చెప్పరు, నువ్వే చూసుకో. ఐసు కరిగి ఉప్పునీళ్లు వెనక లోడు పెట్టే డాలా సందుల్లోంచి చాసిస్ మీదకి కారతా ఉంటాయి, పైన కొత్త పెయింట్ కొట్టించి తళతళలాడిస్తారు. నువ్వు కింద గోనె పట్టా పరుచుకుని పడుకుని వెనక కమాన్ కట్టలు చాసిస్‌కి బిగించిన చోట స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడు, పొరలు పొరలుగా రాలిందంటే ఎంత తగ్గించినా తీసుకోవద్దు. మేము చూడకుండా తీసుకున్న బండికి రెండో ఏడే ఆ చోట చాసిస్ చిట్లి, వెల్డింగ్‌కి 28 వేలు పెట్టాం. ఆదివారం చూసొచ్చాక ఇక్కడ రాయి, లోన్ కాగితం ఇస్తే అది కూడా ఫోటో తీసి పెట్టు, లెక్క చూసి చెప్తా.