షుగర్ ఉన్నవాళ్లు, పట్టు సడలాక మళ్లీ ఎలా మొదలుపెట్టారు?

అందరికీ నమస్కారం. నాకు టైప్ 2 షుగర్ అని తెలిసి ఎనిమిది నెలలైంది. మొదట్లో చాలా పట్టుదలగా ఉన్నాను. కూరగాయలు, ప్రొటీన్ ముందు తిని పిండిపదార్థాలు చివర్లో తీసుకోవడం, తిన్నాక 15 నిమిషాలు నడవడం. మూడు నెలల్లో, గత రెండు మూడు నెలల సగటు షుగర్ చూపించే హెచ్‌బీఏ1సీ 8.4 నుంచి 7.1కి దిగింది. ఆ రిపోర్టు పట్టుకుని సంతోషంతో ఏడ్చేశాను.

తర్వాత ఎక్కడ సడలిందో తెలియదు. పగలంతా బాగానే ఉంటాను. రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లో లైటు కూడా వేయకుండా, చప్పుడు కాకుండా బిస్కెట్ల డబ్బా మూత తీస్తున్నాను. అది ఆకలి కాదు. పొద్దున్న మీటర్‌లో అంకె చూస్తే ఎవరో తిట్టినట్టు ఉంటోంది. అందుకే వారం నుంచి చూసుకోవడమే మానేశాను. ఇది ఇంకా పెద్ద తప్పని తెలుసు.

ఏం తినాలో డాక్టర్ రాసిచ్చారు, చార్టు ఫ్రిజ్ మీదే ఉంది. నేను అడిగేది వేరే. ఏళ్ల తరబడి దీంతో నెట్టుకొస్తున్నవాళ్లు, ఒకరోజు గాడి తప్పితే మర్నాడు ఏం చేస్తారు? ఇంట్లో మిగతావాళ్ల కోసం తెచ్చినవి కళ్లెదుట ఉంటే ఎలా ఆగుతారు? ఈ సంగతి ఇంట్లో చెప్పేస్తే మేలా? మీకు నిజంగా పనిచేసింది ఎంత చిన్నదైనా చెప్పండి. మందులు మార్చుకోమనే సలహాలు మాత్రం దయచేసి వద్దు.