యూరేలో గడ్డకట్టిన జలపాతాలు ఎక్కడానికి వెళ్తున్నాం, వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి

డాలస్_బాబ్జీ
ఫిబ్రవరిలో ఐదుగురం ఫ్రెండ్స్ కొలరాడోలోని యూరే వెళ్తున్నాం, ఐస్ క్లైంబింగ్‌కి. ముగ్గురికి జిమ్‌లో గోడలెక్కే అలవాటుంది, ఇద్దరికి అదీ లేదు. గైడ్ తప్పనిసరా? బూట్లు, క్రాంపాన్లు (బూట్ల కింద బిగించే ఇనప పళ్ళు) అద్దెకు తీసుకోవాలా, కొనాలా? కారులో వెళ్ళాలా, ఫ్లైటా? ఒకతను ప్యూర్ వెజ్, వాడి సంగతేంటి?

గోదారి_టు_డెన్వర్
అవన్నీ తర్వాత, ముందు గ్లోవ్స్ సంగతి చూసుకోండి. టూల్స్ (మంచులో దించే చేతి గొడ్డళ్ళు) తలపైకెత్తి పట్టుకుని ఎక్కుతుంటే చేతుల్లో రక్తం దిగిపోయి వేళ్ళు మొద్దుబారతాయి. అంతవరకు పర్లేదు. కిందికి దిగాక ఆ రక్తం మళ్ళీ వేళ్ళలోకి వస్తుంది చూడండి, అప్పుడుంటుంది! అరుపూ వాంతీ ఒకేసారి వస్తాయి. ఇక్కడివాళ్ళు స్క్రీమింగ్ బార్ఫీస్ అంటారు. పన్ను పీకినా కిక్కురుమనని మా బావమరిది మంచులో కూలబడి "అమ్మా" అన్నాడు.
మందపాటి గ్లోవ్స్ వేస్తే సరిపోతుందనుకోకండి. మందం ఎక్కువైతే పిడిని ఇంకా గట్టిగా బిగిస్తారు, రక్తం ఇంకా ఆగుతుంది. ఎక్కేటప్పుడు పల్చటివి, కింద తాడు పట్టుకుని నిలబడినప్పుడు మందపాటివి, జాకెట్ లోపల పొడిగా ఇంకో జత. మధ్యమధ్యలో ఒక్కో చెయ్యి కిందికి వేలాడేసి విదిలించండి.

హిమవీర్
నేను ఉత్తరకాశి నిమ్‌లో (నెహ్రూ పర్వతారోహణ సంస్థ) బేసిక్, అడ్వాన్స్ కోర్సులు రెండూ 'ఎ' గ్రేడ్‌తో చేశాను కాబట్టి చెబుతున్నా. యూరే ఐస్ పార్క్‌లో ఉన్నది జలపాతమే కాదు. లోయ అంచు పొడుగునా పైపులు వేసి, చలికి నీళ్ళు చిమ్మి మంచు పెంచుతారు. అది ఎక్కి ఫొటోలు పెట్టి "ఫ్రోజెన్ వాటర్‌ఫాల్" అనడం ఏంటో! అసలైన మంచు కావాలంటే చలికాలంలో హిమాచల్‌లోని స్పితి వెళ్ళండి.

బెజవాడ_వదిన
డాలస్ నుంచి వీకెండ్‌కి స్పితి వెళ్ళాలా హిమవీర్ గారూ? సెలవు మీరిప్పిస్తారా?

దిల్‌సుఖ్‌నగర్_డ్యూడ్
బాబ్జీ అన్నా, డురాంగోకి టికెట్ చవగ్గా ఉంటే అదే బుక్ చెయ్. అక్కణ్ణుంచి రెండు గంటలే, వ్యూస్ మాత్రం పిచ్చెక్కిస్తాయి.

గోదారి_టు_డెన్వర్
దయచేసి వినకండి! డురాంగో నుంచి వస్తే రెడ్ మౌంటెన్ పాస్ దాటాలి. 11,018 అడుగులు, లోయ వైపు చాలాచోట్ల రెయిలింగ్ కూడా ఉండదు. పెద్ద మంచు పడితే మంచుచరియలు విరిగిపడతాయన్న భయంతో రోడ్డే మూసేస్తారు. చలికాలంలో డాలస్ నుంచి మాంట్రోజ్‌కి డైరెక్ట్ ఫ్లైట్ ఉంటుంది. అక్కణ్ణుంచి ఉత్తరం వైపు నుంచి వస్తే ముప్పావుగంట, మధ్యలో పాస్ ఏదీ లేదు.

దిల్‌సుఖ్‌నగర్_డ్యూడ్
మేం జూలైలో పోయినప్పుడు ఏం కాలేదే.

గోదారి_టు_డెన్వర్
జూలైలో!!

బెజవాడ_వదిన
మళ్ళీ పైపుల సంగతికి వస్తాను, నాకు మండింది. విద్యుత్ కేంద్రానికి నీళ్ళు తీసుకెళ్ళే పాత పైపు కారి అన్‌కంపాగ్రే లోయ గోడల మీద మంచు కడితే, దాన్ని చూసి మొదలైంది ఆ పార్క్. దాచిందేమీ లేదు. కొత్తవాళ్ళకి కావలసిందే అది. పైనుంచి తాడు, పక్కన మనుషులు, పది నిమిషాల్లో ఊరు. నలభై దాటాక మొదలుపెట్టాను నేను. సహజమైన మంచు మీదే నేర్చుకోవాలంటే ఇప్పటికీ సోఫాలోనే ఉండేదాన్ని.

హిమవీర్
మేడమ్, పర్సనల్‌గా తీసుకోకండి. సహజమైన మంచు నేర్పేది పార్క్ నేర్పదు. మంచు వెనక నీళ్ళు పారుతుంటే టూల్ దెబ్బకి డొల్ల శబ్దం వస్తుంది. ఎండ తగిలిన మంచు ఒకలా, నీడలోది ఒకలా ఉంటుంది. పైన వాలులో ఎంత మంచు పేరుకుందో కిందనుంచే అంచనా వెయ్యాలి. పక్కనే టెలురైడ్‌లో బ్రైడల్ వీల్ జలపాతాన్ని 1974లో జెఫ్ లోవ్, మైక్ వైస్ ఎక్కారు. వాళ్ళకి పైపులేశారా ఎవరైనా?

కాల్గరీ_కాపు
ఆ జెఫ్ లోవే 1996లో యూరే ఐస్ ఫెస్టివల్ మొదలుపెట్టింది. ఆయనకి లేని నామోషీ మీకెందుకు సార్?
ఇంకోటి. నిమ్ బేసిక్‌లో డోక్రియానీ గ్లేసియర్ మీద నేర్పే ఐస్ క్రాఫ్ట్ వేరు, నిలువునా వేలాడే నీటిమంచు వేరు. మీరు డబ్ల్యూఐ4 (నీటిమంచు ఎంత కష్టమో చెప్పే గ్రేడ్) ఎప్పుడైనా లీడ్ చేశారా, అంటే పైనుంచి తాడు లేకుండా ముందు మీరే ఎక్కారా? అవునా కాదా చెప్పండి.

హిమవీర్
మీ కెనడా వాళ్ళకి అహంకారం ఎక్కువ. ఇంతకన్నా మాట్లాడను.

భువనగిరి_రాయి
మాట్లాడకండి, మంచిదే.
బాబ్జీ గారూ, నేను భువనగిరి గుట్ట మీద నేర్చుకున్నవాణ్ణి. 2014లో 13 ఏళ్ళకే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ కూడా శిక్షణ మొదలుపెట్టింది అక్కడే. రాయి ఎక్కేవాళ్ళకి మంచు మీద ఒకటే చిక్కు, మడమ. రాయి మీద మడమ పైకి లేస్తుంది, అలవాటు. మంచులో లేపారా, క్రాంపాన్ ముందు పళ్ళు ఊడి వస్తాయి. మడమ దించి, మోకాలి నుంచి కాలు ఊపి తన్నాలి. జిమ్‌లో ఎక్కే మీ ముగ్గురి పిక్కలే ముందు వణుకుతాయి, చూడండి.

బెజవాడ_వదిన
అవును, మా బ్యాచ్‌లో జిమ్ మొహమే చూడనావిడ అందరికన్నా శుభ్రంగా ఎక్కింది.

ఆస్టిన్_అప్పారావు
టెక్నిక్ సరే, డబ్బుల సంగతి ముందే తేల్చుకోండి. మేం ఐదుగురం వెళ్ళాం. ఒకాయన చలేస్తోందని కారులోనే కూర్చుని, ఎక్కలేదు కాబట్టి గైడ్ ఫీజులో తన వాటా ఇవ్వనన్నాడు. ఇప్పుడు మేం నలుగురం ఫ్రెండ్స్. ఇంకొకాయన తాడు పట్టుకోవాల్సిన టైంలో రీల్ తీస్తున్నాడు! పళ్ళెమంత మంచుపెచ్చు ఊడి ఆయన పక్కనే పడింది. ఎక్కేవాడికి సరిగ్గా కింద ఎవర్నీ నిలబడనివ్వకండి. "ఐస్!" అని అరుపు వినబడితే తలెత్తి చూడొద్దు, తల దించుకుని భుజాలు ముడుచుకోవాలి.

డాలస్_బాబ్జీ
అందరికీ థ్యాంక్స్. మరి గైడ్, బూట్లు?

కాల్గరీ_కాపు
గైడ్ కావాలి, అందులో చర్చే లేదు. పైన అంచు దగ్గర మంచు మీద నిలబడి యాంకర్ (తాడుకి ఆధారం) కట్టాలి. కాలు జారితే నేరుగా లోయలోకే. జిమ్‌లో ఎవరో కట్టిపెట్టిన తాడుకి తగిలించుకోవడం లాంటిది కాదు. బూట్లు ఊళ్ళోనే అద్దెకు దొరుకుతాయి. అడుగు వంగనివి, క్రాంపాన్ బిగించడానికి ముందూ వెనకా గాడి ఉన్నవి అడగండి. హైకింగ్ బూట్లకి కట్టుకుని వస్తారు కొందరు, దండం పెట్టాలి. లోయలోకి దిగాలంటే హెల్మెట్, క్రాంపాన్లు తప్పనిసరి.

దిల్‌సుఖ్‌నగర్_డ్యూడ్
ఊళ్ళో వేడినీళ్ళ కొలను ఉంది, గంధకం కంపు ఉండదు. సాయంత్రం దాంట్లో పడితే నొప్పులన్నీ మాయం. దీనికైనా తిట్టకండి.

గోదారి_టు_డెన్వర్
దీనికి తిట్టను. కానీ ఊరే 7,800 అడుగుల ఎత్తులో ఉంది. వెళ్ళిన రోజే బీరు తాగి ఆ వేడినీళ్ళలో గంట కూర్చుంటే తలనొప్పి ఖాయం.

బెజవాడ_వదిన
వెజ్ అబ్బాయికి పులిహోర కట్టకండి, చలికి రాయి అవుతుంది. ఫ్లాస్కులో మిరియాల రసం పోసుకోండి, మిగతావాళ్ళు కూడా దాని చుట్టూనే తిరుగుతారు. నెయ్యి కారంపొడి చపాతీ చుట్టి జాకెట్ లోపల పెట్టుకుంటే మెత్తగానే ఉంటుంది.

హిమవీర్
లీడ్ చెయ్యలేదు, సెకండ్‌గా, అంటే లీడర్ వెనక పైనుంచి తాడుతో ఎక్కాను. చాలా?

కాల్గరీ_కాపు
అది ముందే చెప్పుంటే ఇంత గొడవ ఉండేది కాదు కదా సార్. ఎక్కడ ఎక్కారు, స్పితిలోనా? వచ్చే జనవరిలో ఇండియా వస్తున్నా, స్పితిలోని కాజా వైపు రోడ్డు అప్పుడు తెరిచుంటుందా?

హిమవీర్
మనాలి వైపు కుంజుమ్ పాస్ మూసేస్తారు. సిమ్లా, కిన్నౌర్ మీదుగా రండి. అక్కడ పైపులుండవు, ముందే చెబుతున్నా.

ఆస్టిన్_అప్పారావు
వాడని క్రాంపాన్లు ఒక జత అమ్మకానికి ఉన్నాయి. కారులో కూర్చున్నాయనవే.