బందిపోటు మేజిస్ట్రేటు వేషం కడితే ఎంతవరకు నెగ్గుకొస్తాడు? (చింగ్ వంశం నాటి చైనా)

ప్రశ్న:
18వ శతాబ్దం చివర చైనాలో జరిగే నాటకం ఇది. కొండల్లోని బందిపోటు ముఠా దారి కాచి, కొత్తగా చార్జి తీసుకోవడానికి వెళ్తున్న కౌంటీ మేజిస్ట్రేటును పట్టుకుంటుంది. నాయకుడు ఆయన బట్టలు తొడుక్కుని, కాగితాలు పట్టుకుని ఊళ్లోకి దిగుతాడు. అక్కడ జనం భూములు మింగేసిన పెత్తందారు ఒకడున్నాడు. వాడి పని పట్టాలి. ముఖం చూసి ఎవరూ గుర్తుపట్టరా? ఏది చేతిలో ఉంటే కుర్చీ దక్కుతుంది? చివరి అంకంలో పెత్తందారు తల తీయించవచ్చా?

జవాబు 1:
ముఖం గురించి దిగులు వద్దు. సొంత రాష్ట్రంలోనూ, సొంత ఊరికి 500 లీల లోపునా పోస్టింగు ఇవ్వకూడదని నియమం. 500 లీలంటే దాదాపు 280 కిలోమీటర్లు. కాబట్టి వచ్చే ప్రతి మేజిస్ట్రేటూ ఊరికి కొత్తవాడే, యాసా వేరే. చదువు తక్కువని అనుమానం వస్తే, డబ్బు కట్టి పదవి కొనుక్కున్నానని చెప్పుకోవచ్చు. అది ఆ రోజుల్లో ప్రభుత్వమే తెరిచిన దారి.

అసలు చిక్కు దారి కాసే చోటులో ఉంది. బీజింగులో చీటీ తీసి పోస్టు నిర్ణయిస్తారు, చక్రవర్తి దర్శనం అవుతుంది, ఫలానా తేదీలోగా చేరాలని గడువు వేసి నియామక పత్రం ఇస్తారు. ఆ పత్రం చూపించేది కౌంటీలో కాదు. ముందు రాష్ట్ర రాజధానికి వెళ్లి గవర్నరును దర్శించుకుని, పత్రం కోశాధికారికి అప్పగించాలి. రాజధానికి ముందే పట్టుకుంటే మీ బందిపోటు గవర్నరు ఎదుట నిలబడాల్సి వస్తుంది. అందుకని రాజధాని దాటాక, కౌంటీకి చేరకముందు పట్టుకోవాలి. అప్పుడు కూడా అసలు మనిషిని చూసినవాళ్లు రాజధానిలో ఉండనే ఉంటారు. ఆ భయం నాటకం పొడుగునా ఉండనివ్వండి.

జవాబు 2:
కుర్చీ ఇచ్చేది ముద్ర. కౌంటీ ముద్ర కంచుది, చదరంగా, పక్కకి 2 త్సున్‌ల 1 ఫెన్, అంటే ఆరున్నర సెంటీమీటర్లకు కొంచెం పైన. ఒక పక్క పాలకులైన మంచూల లిపి, ఇంకో పక్క చైనా లిపి. అది దారిలో దొరికేది కాదు, కౌంటీ యామెన్‌లోనే (మేజిస్ట్రేటు కచేరీలోనే) ఉంటుంది. తాత్కాలికంగా చూస్తున్న అధికారి దాన్ని అప్పగిస్తాడు. మంచి రోజు చూసి, పెద్ద హాల్లో గుమాస్తాలు, బంట్రోతులు అందరూ చూస్తుండగా, కొత్త మేజిస్ట్రేటు బీజింగు వైపు తిరిగి మూడుసార్లు మోకరిల్లి, తొమ్మిదిసార్లు నుదురు నేలకు తాకించాలి. తర్వాత ముద్రకు మొక్కాలి. మొదటి అంకానికి ఇంతకన్నా మంచి సన్నివేశం దొరకదు. ఒక్క మొక్కు లెక్క తప్పినా ముందు వరసలోని ముసలి గుమాస్తా తల ఎత్తుతాడు.

తర్వాత లెక్కల అప్పగింత. దానికి గడువు 2 నెలలు. గిడ్డంగి ధాన్యం, ఖజానా వెండి, పన్ను పద్దులు సరిచూసుకుని సంతకం పెట్టాలి. చూడకుండా పెడితే పాత లోటంతా కొత్తవాడి మెడకే. ఆ రెండు నెలలూ వెళ్లిపోయే అధికారి ఊళ్లోనే ఉంటాడు. నకిలీని పసిగట్టే కన్ను ఆయనది. కానీ పెత్తందారు ఎగ్గొట్టిన భూమి శిస్తు బయటపడేది కూడా ఈ పద్దుల్లోనే.

గుమాస్తాల్ని మాత్రం నమ్మించలేరు. వాళ్లు స్థానికులు, ఆరు విభాగాల్లో ఏళ్ల తరబడి పాతుకుపోయినవాళ్లు. జీతాల్లేవు, మామూళ్ల మీద బతుకు. పెత్తందారు చుట్టాలు వాళ్లలో తప్పక ఉంటారు. అరెస్టు ఉత్తర్వు సిరా ఆరకముందే కబురు వెళ్లిపోతుంది. కాబట్టి ఉత్తర్వు లోపలి గదిలో రాత్రిపూట రాయించి, తన చేత్తో ముద్ర వేసి, బంట్రోతులతో పాటు ముఠా మనుషుల్ని పంపాలి. మేజిస్ట్రేటు వెంట సొంత నౌకర్లు రావడం మామూలే గనుక ముఠాకి ఆ వేషం సరిపోతుంది. తలుపు కాసే నౌకరు వేషం అన్నిటికన్నా నమ్మకస్తుడికి ఇవ్వండి. ఎవరు లోపలికి రావాలో తేల్చేది వాడే.

జవాబు 3:
తల తీయించడం కుదరదు. కౌంటీ స్థాయిలో ముగించగలిగేది వెదురు బెత్తం దెబ్బల కేసుల దాకానే. ప్రవాసం, మరణశిక్ష లాంటివి ప్రిఫెక్టు (మేజిస్ట్రేటుకు పైఅధికారి), రాష్ట్ర న్యాయాధికారి, గవర్నరు మీదుగా పైకి వెళ్తాయి. మరణశిక్షకు చక్రవర్తి ఆమోదం కావాలి. ఖైదీని కూడా పైకి పంపి మళ్లీ విచారిస్తారు. అంటే మీ బందిపోటు ముద్ర వేసిన కాగితం అసలు మేజిస్ట్రేటును ఎరిగినవాళ్ల చేతుల్లోకే చేరుతుంది.

పైగా పెత్తందారు ప్రభుత్వ పరీక్ష పాసై పట్టా ఉన్నవాడైతే వాణ్ణి కొట్టను కూడా కూడదు. ముందు రాష్ట్ర విద్యాధికారికి రాసి పట్టా రద్దు చేయించాలి. అందుకని శిస్తు బకాయి పట్టుకోండి. పట్టాలున్న పెద్దమనుషుల మీద ప్రభుత్వం నిజంగా విరుచుకుపడింది దాని మీదే. 1661లో జియాంగ్నాన్‌లో (యాంగ్జీ నది దిగువ ప్రాంతంలో) శిస్తు బకాయిల కింద 13,000 మందికి పైగా పరీక్ష పట్టా ఉన్నవాళ్లను శిక్షించారు.

కాలం కూడా చూసుకోండి. చాంద్రమానం ప్రకారం నాలుగో నెల మొదలు ఏడో నెల చివరి దాకా, పొలం పనులు కాబట్టి, భూమి తగాదాల్లాంటి అర్జీలు తీసుకోరు. పన్నెండో నెల 20 దరిదాపుల్లో ముద్ర పెట్టెలో పెట్టి మూసేస్తారు, సుమారు నెల రోజులు. మీ వాడికి మిగిలేది ఎనిమిదో నెల నుంచి పన్నెండో నెల 20 దాకా, మళ్లీ ముద్ర తెరిచాక మూడో నెల చివరి దాకా.

అడిగినవారు:
పెత్తందారు లంచం పంపితే మా వాడు తిప్పికొట్టాలా?

జవాబు 3:
మొదటి వారంలో వద్దు. మేజిస్ట్రేటు అసలు జీతం ఏడాదికి 45 తాయెళ్ల (చైనా తూకం కొలత) వెండి. నిజాయితీని నిలబెట్టడానికని ఇచ్చే అదనపు భత్యం అంతకు ఎన్నో రెట్లు, అయినా ఖర్చులకు చాలదు. ఆచారంగా వచ్చే కానుకలు అందరూ తీసుకునేవారే. ఒకడు ముట్టకపోతే పెత్తందారు ఆ రాత్రికే రాజధానికి మనిషిని పంపి ఆరా తీయిస్తాడు. తీసుకుని, ఎంతో రాసి పెట్టుకోనివ్వండి.

జవాబు 1:
ఒకటి కలుపుతాను. న్యాయ కార్యదర్శి పాత్రకు నకిలీ పనికిరాదు. తీర్పు ముసాయిదా రాసేది ఆయనే, ఆ వృత్తికి జెజియాంగ్ రాష్ట్రంలోని షావోషింగ్ పేరుమోసిన చోటు. ఆ పని తెలియనివాడు రాస్తే పైఆఫీసు మొదటి కాగితానికే తిప్పి పంపుతుంది. కాబట్టి అసలు మేజిస్ట్రేటు వెంట వస్తున్న కార్యదర్శిని చంపనివ్వకండి. బెదిరింపుతోనో, వాటాతోనో పక్కన కూర్చోబెట్టాలి. దారి దోపిడీలో సొమ్ము చేతిలో పడితే నాయకుడు, అనుచరుడు అన్న తేడా లేకుండా అందరికీ తల తీయడమే శిక్ష. ఆ సంగతి అందరికన్నా బాగా తెలిసినవాడు ఆయనే. పెత్తందారు మనిషి రాజధాని నుంచి తిరిగొచ్చిన రోజున ఆయన ఏ వైపు నిలబడతాడన్న దగ్గరే మీ మూడో అంకం మొదలవ్వాలి.