మొదటి అక్షరం "క"నా, "ఘ"నా?

పాతనోట్సు: నాన్నగారి భౌతికశాస్త్రం నోట్సులో ఒక వాక్యం వారం రోజులుగా తొలుస్తోంది. "వేడి పెరిగిన కొలదీ, వేగముగా కదలు స్థానభ్రంశములపై జాలక కంపనముల ...ర్షణ పెరుగును." స్థానభ్రంశం అంటే ఇక్కడ స్ఫటికంలో పరమాణువుల వరుస తప్పిన చోటు, జాలకం అంటే ఆ పరమాణువుల అల్లిక. మొదటి అక్షరం మీద సిరా మరక. ఘర్షణే కదా?

రాగిచెంబు: కాదు, కర్షణ, ఇంగ్లీషులో డ్రాగ్. పొడి ఘర్షణ వేగాన్ని పెద్దగా పట్టించుకోదు. ఇక్కడ ఎంత వేగంగా జారితే అంత అడ్డు.

నల్లబల్ల: కర్షణ అంటే లాగడమండీ, కృష్ ధాతువు. కర్షకుడు అందులోంచే వచ్చాడు. ఫోనాన్లు, అంటే ఆ జాలక కంపనాల పొట్లాలు, ఎవరినీ లాగవు. అన్ని దిక్కులా తిరిగే వాటి మధ్య స్థానభ్రంశం కదిలితే, ఎదురుగా వచ్చేవి ఎక్కువగా తగులుతాయి. గాలి లేని రోజున కూడా సైకిల్ తొక్కేవాడి ముఖానికి గాలి కొట్టదూ? ఇది ఒరిపిడే. ఘృష్, ఘర్షణ.

కందం: లాగడం అనగానే పోతన గుర్తుకు రాకపోతే ఎలా? "కరి దిగుచు మకరి సరసికి". లాగడానికి "దిగుచు" ఉండగా ఈ సంస్కృతం దేనికి?

నల్లబల్ల: మాస్టారూ, అక్కడ మొసలి పట్టుదలతో లాగుతోంది. ఫోనానుకు ఎవరి మీదా పగ లేదు.

వేపచెట్టు: నా అనుమానం అక్షరం మీద కాదు. కమ్మరి ఇనుమును కాల్చి మెత్తబరుస్తాడు కదా? వేడి పెరిగితే అడ్డు పెరగడమేమిటి? నాన్నగారు తలకిందులుగా రాసుకున్నారేమో.

రాగిచెంబు: లేదమ్మా. సమ్మెట దెబ్బకు కొలిమి లెక్కే సరి: స్థానభ్రంశం అడ్డంకి దగ్గర ఆగి, వేడి ఇచ్చే ఊపుతో దాటుతుంది. అంతకు ఎన్నో రెట్ల వేగంలో ఆగే వ్యవధే ఉండదు. కంపనాల నడుమ దూసుకుపోవాల్సిందే, వేడెక్కిన కొద్దీ అవి పెరుగుతాయి. 2024లో శుద్ధ రాగిని వేడిచేసి, అతి సన్నని రేణువులతో మహావేగంగా కొట్టి చూశారు. వేడి రాగే గట్టిగా నిలిచింది. అసలు దీన్ని, ద్రవాల లోపలి అడ్డుకు చెప్పినట్టే, స్నిగ్ధత అంటే గొడవే లేదు.

కందం: స్నిగ్ధత! జిడ్డుకూ చెలిమికీ చెల్లే మాటను అడ్డగింతకు అంటగట్టిన మహానుభావుడెవరో. స్థానభ్రంశం మాత్రం? మీటరు స్కేలుతో కొలిచే దూరానికీ అదే పేరు, స్ఫటికంలో తప్పిన వరుసకూ అదే పేరు.

పాతనోట్సు: మరక అంచున చిన్న గీత కనిపిస్తోంది. "ధర్షణ" కావచ్చా?

కందం: ధర్షణ అంటే మీదపడి దౌర్జన్యం చేయడం. ముఖాన కొడుతోందని నల్లబల్లగారే అన్నారుగా, సరిగ్గా అతికింది!

నల్లబల్ల: నేను గాలి అన్నాను, దౌర్జన్యం అనలేదు.

వేపచెట్టు: పగ అంటే గుర్తొచ్చింది. ఆ పద్యంలోనే "గరకరి బెరయన్" అని ఉంది. కరకరి అంటే పగా, బాధా?

నల్లబల్ల: పగ.

కందం: బాధ. ఉండండి, నిఘంటువు అటక మీద ఉంది, దించుతాను.