లాటిన్ పరీక్షలో సాహిత్యం ఉండాలా, తీసేయాలా?

రెడింగ్ అమ్మ: ఇంగ్లండ్‌లో మా అమ్మాయి జీసీఎస్ఈలో (మన పదో తరగతి లాంటి పరీక్ష) లాటిన్ చదువుతోంది, ఓసీఆర్ అనే పరీక్షల బోర్డు. సగం మార్కులు భాషకి, మిగతా సగం రెండు సాహిత్యం పేపర్లకి. రోమన్ కవి వర్జిల్ రాసిన 'ఈనియిడ్' కావ్యంలోంచి ముందే ప్రకటించిన పంక్తులుంటాయి. వాటి ఇంగ్లిష్ అనువాదాన్ని మొదటినుంచి చివరిదాకా బట్టీ పడుతోంది. ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్న మా బ్యాచ్ గుర్తొచ్చింది. సాహిత్యం తీసేసి, ఎప్పుడూ చూడని పాఠం ఇచ్చి అర్థం రాయమంటే నయం కదా?

లెక్కల మాస్టారు: తీసేయాల్సిందే. పరీక్ష అన్నాక పిల్లలకి ఏం వచ్చో తేలాలి. అనువదించమని ఇచ్చిన లాటిన్ ఒకచోట ఆగినా, కొంతమంది ఆగకుండా పేపర్లో లేని తర్వాతి వాక్యం కూడా రాసేస్తారట. ఎదురుగా ఉన్నది చదవలేదనడానికి ఇంకేం రుజువు కావాలి?

లాటిన్ టీచర్: అలా రాసేవాళ్ళున్నారు మాస్టారూ, కాదనను. కానీ తప్పు సాహిత్యానిది కాదు, అడిగే తీరుది.

'ఈనియిడ్' రెండో పుస్తకం చూడండి. శత్రువులైన గ్రీకులు వదిలివెళ్ళిన చెక్క గుర్రాన్ని నమ్మొద్దని ట్రాయ్ నగర జనాన్ని హెచ్చరించినవాడు లావొకోవన్. తర్వాత అతను సముద్ర దేవుడు నెప్ట్యూన్ పూజారిగా బలిపీఠం దగ్గర పెద్ద ఎద్దును వధిస్తుంటాడు. అప్పుడే సముద్రం మీదుగా రెండు పాములొచ్చి, ముందు అతని ఇద్దరు కొడుకుల్ని, తర్వాత అతన్ని చుట్టేస్తాయి. అతని అరుపు ఎలా ఉందంటాడు వర్జిల్? మెడలో సరిగా దిగని గొడ్డలిని విదిలించుకుని బలిపీఠం నుంచి పారిపోయే ఎద్దు రంకెలా. బలి ఇచ్చేవాడే బలిపశువయ్యాడు. ఇది క్లాసులో ఎవరూ చెప్పకుండానే ఒక పిల్ల పట్టుకుంటే ఆ రోజు పాఠం ఇక ముందుకి సాగదు, అందరూ మాట్లాడేవాళ్ళే.

రోమన్ రచయిత ప్లినీ ఉత్తరాలూ అంతే. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు అతనికి 17 ఏళ్ళు. భూమి కంపిస్తుంటే చరిత్రకారుడు లివీ పుస్తకం ముందేసుకుని నోట్సు రాసుకుంటూ కూర్చున్నాడు. పరీక్ష రాసే పిల్లల ఈడువాడే.

భాష పేపర్లో ఇచ్చేవి పిల్లల స్థాయికి తగ్గట్టు సులువు చేసిన పాఠాలు. వాటితోనే సరిపెడితే, ఏళ్ళ తరబడి లాటిన్ చదివి కూడా రోమన్లు రాసింది రాసినట్టుగా ఒక్క పేజీ చూడకుండా బయటికొస్తారు.

లీడ్స్ నాన్న: టీచర్ గారూ, మీరు చెప్పింది బాగుంది, మరి టైమేదండీ? మామూలు ప్రభుత్వ బడిలో లాటిన్ దొరకడమే గగనం. ప్రభుత్వ బడుల్లో లాటిన్ నేర్పడానికి 2021లో 40 లక్షల పౌండ్లతో ప్రకటించిన లాటిన్ ఎక్సలెన్స్ ప్రోగ్రామ్‌కి 2025 ఫిబ్రవరిలో, చదువుల ఏడాది మధ్యలోనే, నిధులు ఆపేశారు. వారానికి ఒకటి రెండు క్లాసులతో పంక్తులన్నీ పూర్తి చేయాలంటే టీచర్ అనువాదం చెప్పడం, పిల్లలు రాసుకోవడం తప్ప ఏం జరుగుతుంది? డబ్బున్న బడుల పిల్లలకే లావొకోవన్ ఎద్దు కనపడుతుంది.

లాటిన్ టీచర్: అందుకే పంక్తులు తగ్గించమంటున్నాను. సగం చాలు. చదివిన భాగంలోంచి అనువాదం అడగడం మానేసి, అదే కవి రాసిన చూడని నాలుగైదు పంక్తులు కఠిన పదాల అర్థాలతో ఇవ్వాలి. చదివిన భాగం మీద ఎందుకు, ఎలా అన్న ప్రశ్నలే ఉండాలి.

లెక్కల మాస్టారు: ఆ జవాబులకీ రేపు గైడ్లు వస్తాయండి. అయినా చూడని పంక్తులు పెడతానంటే నాకు అభ్యంతరం లేదు. వాటికి మార్కులు మాత్రం ఎక్కువుండాలి.